పడుగు పట్టేంత ఇల్లు

గంజి పెట్టి ఇస్త్రీ చేయమని ఇచ్చిన నూలు చీర నిన్న సాయంత్రం తిరిగొచ్చింది. వారం నుంచి ముసురు వదలడం లేదు కాబట్టి ఇస్త్రీ బండి అతను మాత్రం ఏం చేస్తాడు, సగం ఆరిన చీర మీదే పెట్టె నడిపించేశాడు. మడత విప్పగానే లోపల్నుంచి పులిసిన గంజి వాసన గుప్పున కొట్టింది. మామూలు మనుషులైతే ముక్కు చిట్లించుకుని బకెట్లో పడేసి మళ్లీ ఉతుక్కుంటారు. నేను మాత్రం దాన్ని పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎల్బీనగర్ కోర్టు ముందు నుంచి బస్సులో పోయినా, ఎవరైనా ‘మాకు స్టే వచ్చిందండీ’ అని మిఠాయి పంచినంత సంబరంగా చెప్పినా నా ముక్కుకు ముందు తగిలేది ఈ వాసనే. బాల్యం అనగానే తక్కినవాళ్లకు మల్లెపూలూ మామిడిపండ్లూ గుర్తొస్తాయట. అదృష్టవంతులు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో మా తాత కట్టిన ఇల్లు ఉండేది. ఇప్పుడు అక్కడ వీధికి నాలుగు హాస్టళ్లు, గోడగోడకూ కోచింగుల బోర్డులు ఉన్నాయి గానీ తాత పోచంపల్లి వైపు నుంచి వచ్చి స్థలం కొన్ననాడు చుట్టూ జొన్న చేలేనట. తాత నేతగాడు. ఊళ్లో అయితే పడుగును, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలు పోగులన్నిటినీ, వీధి పొడుగునా చాచి కట్టి గంజి పట్టిస్తారు. పట్నంలో వీధి మనది కాదు గదా, రేపు బస్సులొస్తాయి, పోలీసులొస్తారు అని ఆలోచించి, వీధినే ఇంట్లోకి తెచ్చుకున్నాడు. వెడల్పు పిసరంత, పొడుగు మాత్రం వీధి తలుపు దగ్గర నిలబడి పిలిస్తే పెరట్లో బట్టలుతికే బండ దగ్గరున్న మనిషికి సగమే వినపడేంత. సరిగ్గా ఒక పడుగు పట్టేంత ఇల్లు. పక్కింట్లోకి గుడివాడ నుంచి కొత్తగా దిగిన ఆంటీ మొదటిసారి లోపలికొచ్చి, ‘‘ఏంటమ్మా ఇది, ఇల్లు కట్టమంటే మీ తాతగారు రైలుపెట్టె కట్టారూ!’’ అని పగలబడి నవ్వింది. తాత కూడా నవ్వి, ‘‘టికెట్ లేకుంటనే ఎక్కినవ్ గదమ్మా, కూసో, చాయ తాగు’’ అన్నాడు.

ఆ రైలుపెట్టె నడిమధ్యన మగ్గం గది. నేలలో గుంట తవ్వి, ఆ గుంటలోకి కాళ్లు జారవిడిచి కూర్చుని నేసే మగ్గం అది. గచ్చు మీద చెవి ఆనించి పడుకుంటే టకటకమని ఇల్లంతా దాని చప్పుడే వినిపించేది. గది పక్కన నాయనమ్మ గోడకు వీపు ఆనించి, విసనకర్రలా విచ్చుకున్న ఆసు చట్రపు మేకుల మీద ఇటూ అటూ పోగు చుడుతూ, ఆ చెయ్యి ఆగకుండానే మాకు కథలు చెప్పేది, చెయ్యి ఆగకుండానే తిట్టేది కూడా. గంజి పట్టించే రోజున చీకటి విడకముందే అన్నం గంజి కాచిన తియ్యటి వాసన, తడి నూలు వాసన, తాత కాల్చే బీడీ వాసన కలిసి మమ్మల్ని నిద్ర లేపేవి. వీధి తలుపు నుంచి పెరటి దాకా తెల్లటి పడుగు బిర్రుగా సాగి ఉంటే, దాని కింద నుంచి వీపుకు ఒక్క పోగు తగలకుండా ఈ కొస నుంచి ఆ కొసకు పాకడం మా ఆట. ఆ ఆటలో నన్ను గెలిపించేది మా పెద్దనాయన కూతురు సరితక్క. నాకు పదేళ్లు కూడా నిండలేదు, తను అప్పటికే డిగ్రీకి వెళ్తోంది, అయినా పరికిణీ ఎగదోపుకుని నా వెనకే పాకుతూ, ‘‘వీపు దించు పిల్లా, వీపు దించు’’ అనేది.

మా నాయన, పెద్దనాయన ఇద్దరూ చిన్నప్పుడే నేత నేర్చుకుని, పెద్దయ్యాక చీరల దుకాణం పెట్టుకుని మగ్గం దిగారు. పండగొస్తే మాత్రం అంతా ఒక్కటే వంట. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు తిన్న బెల్లం చేతులతో మేం పడుగు ముట్టుకుంటామేమోనని తాత కర్ర పట్టుకుని కాపలా కూర్చునేవాడు. వినాయక నిమజ్జనం రోజు బాలాపూర్ లడ్డూను ఈసారి వేలంలో ఎవడు పాడుకున్నాడో, ఎంతకు పాడుకున్నాడో, వాడికంత సొమ్ము ఎక్కణ్ణుంచి వచ్చిందో మా అరుగు మీద సాయంత్రం దాకా తేలేది కాదు. అన్నదమ్ములిద్దరూ ఒకే ప్లేటులో మిర్చి బజ్జీలు తింటూ వాదించుకునేవారు. ముసురు రోజుల్లో మాత్రం తాత గంజి జోలికి పోయేవాడు కాదు. ‘‘ఆరని గంజి పులుస్తది. పులిసిన పోగు ఎలుకలకు పెండ్లి బువ్వ’’ అనేవాడు.

మా ఇళ్లలో ఆడపిల్ల పెళ్లికి తలంబ్రాల చీర ఇంట్లోనే నెయ్యాలి. తెల్ల నూలు, ఎర్ర అంచు, కొంగున పోగులకు ముడులేసి రంగద్దిన చిటికి పువ్వులు. మొదలుపెట్టిన చీర పూర్తయి మగ్గం దిగేదాకా పడుగుకు కత్తెర తగలకూడదు. నడిమధ్యన కోస్తే ఆ ఇంటికి అరిష్టమని నాయనమ్మ బల్లి శాస్త్రం కన్నా గట్టిగా నమ్మేది. సరితక్కకు సంబంధాలు చూడటం మొదలుపెట్టగానే తాత పడుగు ఎక్కించాడు. చీర సగమైంది. ఒకనాడు పొద్దున్నే గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు, అటూ ఇటూ పోగు విసిరే నాడె చేతిలోనే ఉంది. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

దశదిన కర్మ పూర్తయ్యీ కాకముందే పెద్దమనుషులు దిగారు. తాత వీలునామా రాయలేదు. బతికుండగానే ఇల్లు పంచడమంటే పడుగు మీదుండగానే చీర కోయడం వంటిదని ఆయన లెక్క. పెద్దనాయన, ‘‘పెద్దోణ్ణి, రోడ్డు దిక్కు సగం నాకు కావాలె’’ అన్నాడు. రోడ్డు దిక్కుకు ధర ఎక్కువ మరి. నాయన, ‘‘అట్లయితే నేను పెరట్ల బాతుల లెక్క బతకాల్నా? పొడుగున చీల్చుండ్రి’’ అన్నాడు. పొడుగునా చీలిస్తే ఒక్కొక్కరికి మంచం అడ్డంగా వేసుకునే వెడల్పు కూడా రాదు. ఈ ఒక్క ముక్క మీద ఆ పెద్దమనుషులు ఎన్ని ఆదివారాలు మా ఇంట్లో తిన్నారో! మధ్యాహ్నం పెద్దనాయన వైపు యాటకూర తిని ‘నీదే న్యాయం’ అనేవారు, సాయంత్రం మా వైపు సీసాలు ఖాళీ చేసి ‘నీదే న్యాయం’ అనేవారు, పోతూ పోతూ నాయనమ్మ మల్లెచెట్టు మొదట్లో కిళ్లీ ఉమ్మి పోయేవారు. ఆ ఎర్రటి ఉమ్మిని తెల్లారి నేను చెంబుతో నీళ్లు పోస్తుంటే అమ్మ చీపురుతో కడిగేది. ఇప్పటికీ వాళ్ల ముఖాలు గుర్తులేవు, ఉమ్మే గుర్తుంది.

ఆఖరికి ఒక పొద్దున పెద్దనాయన ఇంటికి అడ్డంగా, మగ్గం గది గోడను ఆనించి రేకులు కొట్టించాడు. ఆ మధ్యాహ్నమే నాయన ఎల్బీనగర్ పోయి వకీలును పట్టుకుని భాగాల దావా వేశాడు. ఇక్కడే మా వాళ్లు, మా వాళ్లే చేయగల తప్పు చేశారు. వకీలు ఇంటి వివరాలు రాసుకుంటూ, ‘‘మగ్గం సామాను కిందికి వస్తుంది కదా, అది వదిలేద్దాం’’ అన్నాడట. నాయనకు రోషం పొడుచుకొచ్చింది. మంచం, బీరువా సామాను గానీ మగ్గం సామాను ఎట్లవుతది, గుంట ఇంటిది, గుంటలో దిగిన మగ్గం ఇంటిదే, గోడ ఎంతో అదీ అంతే అని పట్టుబట్టి రాయించాడు. అవతల పెద్దనాయన కూడా తన వకీలుతో అచ్చం అదే మాట చెప్పి రాయించాడు. మూడు తరాలుగా నేసిన ఇంటి నోళ్లు అవి, మరో మాట ఎలా చెప్తాయి? అన్నదమ్ములిద్దరూ కోర్టులో ఏకీభవించిన ముక్క అదొక్కటే.

ఆస్తి ఎక్కడిదక్కడే ఉండాలి, ఎవరూ ఏదీ కదపకూడదు అని ఉత్తర్వు వచ్చింది. మగ్గం ఇంటిదే అని ఇద్దరూ రాయించారు కాబట్టి దానికీ అదే ఉత్తర్వు. కోర్టు పంపిన కమిషనరు టేపు పట్టుకుని వచ్చి ఇల్లంతా కొలిచి, మగ్గం మీద సగం నేసిన చీర ఉన్నట్టు రాసుకుని, మర్యాదగా కాళ్లు కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ మనిషిని అనడానికేం లేదు. ఆయన అటు పోగానే గది తలుపుకు నాయన ఒక తాళం, పెద్దనాయన ఒక తాళం వేశారు. ‘ఎక్కడిదక్కడే’ కాబట్టి రేకులూ అక్కడే, చీరా అక్కడే. నా ఆటా అక్కడే ఆగింది. సరితక్కను చూడాలంటే రేకుల సందులో కన్ను పెట్టాలి, లేదంటే సందు చుట్టూ తిరిగి వీధి తలుపు దగ్గరికి పోవాలి. పోయినట్టు తెలిస్తే నాయన వీపు చిట్లగొట్టేవాడు.

దావా నడుస్తుండగానే సరితక్కకు సంబంధం కుదిరింది. నాయనమ్మ మొదట పెద్ద కొడుకు దగ్గరికీ తర్వాత చిన్న కొడుకు దగ్గరికీ తిరిగింది. ‘‘మీ ఇద్దరికీ నేత ఒచ్చు గదరా. ఓ మూర వాడు, ఓ మూర వీడు నేస్తే తెల్లారేసరికి అయితది. నా మనుమరాలు తలంబ్రాల మీద బజారు చీర కట్టాల్నా?’’ అంది. ఇద్దరూ కలిసి ఒక్క కాయితం మీద సంతకాలు పెట్టి కోర్టుకిస్తే చాలు, చీర వరకు గది తెరుచుకోవచ్చట. పెద్దనాయన, ‘‘వాణ్ణి ముందుగాల పెట్టుమను’’ అన్నాడు. నాయన, ‘‘అన్నను ముందుగాల పెట్టుమను’’ అన్నాడు. ఎవరు ముందు పెడితే వారు ఆ గది అవతలివాడిదని ఒప్పుకున్నట్టవుతుందని ఇద్దరి వకీళ్లూ చెప్పారట. లేదా వకీళ్లు చెప్పారని వీళ్లు చెప్పుకున్నారు. నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం సరితక్క స్వయంగా వచ్చింది. రేకులకు అవతల ఉన్న మనిషి సందంతా చుట్టి మా పెరటి తలుపు తట్టింది. అన్నం తింటున్న నాయన ముందు కూర్చుని, ‘‘చిన్నాయనా, ఒక్క సంతకం పెట్టు. మా బాపుతోని నేను పెట్టిపిస్త. తాత నేసిన చీర గది’’ అంది. నాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చూశాను, నిజం నీళ్లే. అక్క తల మీద ఎడం చెయ్యి వేసి, పప్పు కలిపిన కుడి చేతిని అట్లాగే గాల్లో ఆపి, ‘‘మా వకీలును అడిగి చెప్త బిడ్డా’’ అన్నాడు.  అక్క లేచి మళ్లీ అంత సందూ చుట్టుకుని వెళ్లిపోయింది. నాయన మిగిలిన అన్నంలో పెరుగు వేయించుకుని తిన్నాడు. ఆ తిన్న చప్పుడును నేను ఈనాటికీ క్షమించలేదు.

పెళ్లికి మమ్మల్ని పిలవలేదు, పిలిచినా వెళ్లేవాళ్లం కాదు. వీధి తలుపు దగ్గర పందిరి, బ్యాండు, బగారన్నం, మటన్ ఘుమఘుమలు. మా వైపు కిటికీలన్నీ మూసుకుని అమ్మ చేసిన చారన్నం. నేను రేకుల కంతలో కన్ను పెట్టి చూశాను. ముహూర్తానికి అక్క కట్టుకున్నది మెయిన్ రోడ్డు మీద ఎవరి దుకాణంలోనో కొన్న మిషను నేత చీర. గట్టి గంజి వల్ల భుజం మీద అట్టలా నిలబడి ఉంది. తరతరాల నేతగాడి మనవరాలు, చీరల దుకాణం ఉన్నవాడి కూతురు! పెద్దనాయన మాత్రం వచ్చినవాళ్లందరికీ పట్టుపంచెలో చేతులు జోడిస్తూ తిరుగుతున్నాడు. నాయనమ్మ ఏ వైపూ కూర్చోలేదు. తాళాలేసిన గది గుమ్మానికి వీపు ఆనించి కూర్చుని, విస్తరి తెచ్చిపెడితే పక్కకు నెట్టేసింది.

ఆ వానాకాలం ఆ గదిలో కప్పు కారింది. కారినా బాగు చేయకూడదు, ఎక్కడిదక్కడే ఉండాలి. తలుపు కింద నుంచి పులిసిన గంజి వాసన మొదలైంది, ఆ తర్వాత ఎలుకల ఉచ్చ కంపు, ఆ తర్వాత ఏదో చచ్చి కుళ్లిన కంపు. అటు పెద్దమ్మ, ఇటు అమ్మ పమిట కొంగు ముక్కుకు కట్టుకుని వంట చేసేవారు. రాత్రంతా లోపల పళ్లతో నూలు కొరికే చప్పుడు వినిపిస్తుంటే గోడకు ఈ పక్క నాయన, ఆ పక్క పెద్దనాయన దుప్పటి కప్పుకుని పడుకునేవారు. పొద్దున్నే ఇద్దరూ తలా ఒక ఊదుబత్తి ముట్టించుకుని, అదే అత్తరు అనుకుంటూ దుకాణాలకు పోయేవారు. అవును, దుకాణం కూడా అప్పటికి రెండైంది. వాయిదాలు కోర్టు ఇచ్చింది అంటారు గానీ సగం వాయిదాలు వీళ్లు అడిగి పుచ్చుకున్నవే. ఒకరికి జ్వరమొచ్చేది, ఇంకొకరికి వకీలు మారేవాడు. నాయనమ్మ ఆ గుమ్మం ముందే ఆసు పెట్టుకుని, చుట్టడానికి నూలు లేకపోయినా చెయ్యి ఇటూ అటూ ఆడిస్తూ ఉండేది. గది తెరవకముందే పోయింది.

నా పెళ్లి కూడా బజారు చీరతోనే అయింది, దాని గురించి రాయడానికి ఏమీ లేదు. ఆఖరికి వీళ్లను కలిపింది న్యాయం కాదు, నాయనమ్మ చావూ కాదు. ఒక బిల్డరు వచ్చి, స్థలం మొత్తం ఒకే ముక్కగా ఇస్తేనే అపార్ట్‌మెంట్ కడతానన్నాడు. అంతే! అన్ని సంవత్సరాల పగ ఒక్క మధ్యాహ్నం రాజీలో కరిగిపోయింది. సంతకాలు పెట్టడానికి పోయిన రోజు నేనూ వెంట వెళ్లాను. కోర్టు బయట టీ కొట్టు దగ్గర అన్నదమ్ములిద్దరూ ఒకరి కప్పులో ఒకరు బిస్కెట్లు ముంచుకుని తింటూ, ‘‘నువ్వు ముందుగాల పెట్టు అన్నా’’, ‘‘లేదు తమ్మీ, నువ్వు పెట్టు’’ అని మర్యాదలు పోతున్నారు. అక్క పెళ్లప్పుడు ఏ మాటకైతే గది తెరుచుకోలేదో, అదే మాట.

ఇల్లు కూలగొట్టే ముందు గది తెరిచారు. సరితక్క వచ్చింది, చెంపల దగ్గర జుట్టు నెరిసింది. తలుపు తోయగానే ఆ కంపుకు బిల్డరు మనిషి రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. గుంట నిండా నల్లటి బురద, ఎలుకల గూళ్లు. మగ్గం మీద చీర ఉంది. తాత నేసిన మేర అంచు ఎరుపు అక్కడక్కడా కనపడుతోంది, తక్కినదంతా బూజు, కంతలు. అక్క ఆ అంచును వేలితో తాకి, ‘‘కత్తెర తే చెల్లె’’ అంది నాతో.

అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే ముందుకొచ్చారు. ‘‘వద్దు బిడ్డా, నడిమిట్ల కొయ్యొద్దు. ఇంటికి అరిష్టం’’ అన్నాడు పెద్దనాయన. ‘‘మంచిది గాదు, అవ్వ ఉంటే ఒప్పుకోకపోతుండె’’ అన్నాడు నాయన. ఇద్దరి ముఖాల్లోనూ నిజమైన భయం.

అక్క వాళ్ల వంక చూసింది. ‘‘ఏ ఇంటికి?’’ అని మాత్రమే అడిగింది. బయట అప్పటికే పొక్లెయిను వచ్చి నిలబడి ఉంది. నేను కత్తెర తెచ్చిచ్చాను. కుళ్లిన పోగులు కదా, కత్తెర పెట్టకముందే తెగిపోయాయి. ఆ ముద్దను అక్క తనతో తీసుకుపోలేదు, మాకూ ఇవ్వలేదు; కత్తెర నా చేతికిచ్చి, చేతులు కడుక్కుని ఆటో ఎక్కింది. మళ్లీ ఆ సందులోకి రాలేదు.

ఇప్పుడు ఆ స్థలంలో లేచిన అపార్ట్‌మెంట్‌లో ఎదురెదురు ఫ్లాట్లు వాళ్లవి. నాయనకు వచ్చిన ఫ్లాట్‌లోనే నేనూ మా అబ్బాయీ ఉంటున్నాం, బయట కిరాయిలు తెలిసినవే కదా. తాత ఇంటి పొడుగు మొత్తం ఇప్పుడు కింద పార్కింగు. ఈ కొస నుంచి ఆ కొసకు కార్లు. మగ్గం గుంట మీద కాంక్రీటు పోసి, పసుపు గీత గీసి, నంబరు వేశారు. నీళ్ల తొట్టి పక్కన కారు పెట్టే చోటు మీద పై అంతస్తు వాళ్లకు నోటీసు ఇవ్వాలని అన్నదమ్ములిద్దరూ కలిసి వకీలు దగ్గరికి పోయి వస్తున్నారు. మంచి కాలక్షేపం.

నిన్న సాయంత్రం నేను ఆ చీర విప్పి నిలబడి ఉండగా అలాంటి తిరుగుడు నుంచే ఇద్దరూ వచ్చారు. నాయన గుమ్మంలోనే ఆగి గట్టిగా గాలి పీల్చాడు. ‘‘అన్నా, గంజి వాసన! జర చూడు, నాయిన యాదికొచ్చిండు’’ అన్నాడు. పెద్దనాయన దగ్గరికొచ్చి చీర కొసను రెండు చేతులా ఎత్తి ముఖానికి అద్దుకున్నాడు. ‘‘పొద్దుపొద్దుగాల పడుగుకు పట్టిస్తుంటే గిట్లనే ఒస్తుండె తమ్మీ. ఎసుంటి ఇల్లుండె మనది! ఏడికి పోయెనో’’ అని కళ్లు తుడుచుకున్నాడు. నాయన ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. సోఫాలో కూర్చున్న మా వాడు టీవీ చప్పుడు తగ్గించి, తాతలిద్దరినీ జాలిగా చూస్తున్నాడు.

నేను పెద్దనాయన చేతుల్లోంచి చీర లాగేసుకున్నాను. బాత్రూంలోకి తీసుకుపోయి బకెట్లో పడేసి, నల్లా పూర్తిగా తిప్పి, ఆ గంజి తెల్లగా తూములోకి పోయేదాకా పిండుతూనే ఉన్నాను.